నిద్రా? దండమా?

యంత్రాన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయడం రాకపోబట్టి నేను మళ్ళీ విద్యార్థినినయ్యాను. మోటారు ప్రమాదాల పరిహారం కేసులు చూసుకునే వకీలుని. విశాఖ కోర్టులో నల్లకోటు తొడుక్కున్నప్పటి నుంచీ నాకు తెలిసిన సాక్షులంతా మనుషులే. కానిస్టేబుల్ తడబడతాడు, టీకొట్టాయన మాట మారుస్తాడు, డాక్టరు మాటిమాటికీ వాచీ చూసుకుంటాడు. వాళ్ళ మొహాలు చూస్తూ ప్రశ్న మార్చుకోవడమే నా పని. ఒకరోజు ఎదుటి పక్షం వకీలు ఒక రిపోర్టు తెచ్చి జడ్జిగారి ముందు పెట్టాడు. డ్రైవరు మెలకువగానే ఉన్నాడని లారీలోని కెమెరా చెప్పిందట. ఎలా చెప్పింది? అబద్ధమైతే బోనులో ఎవరిని నిలబెట్టాలి? ప్రశ్నలు బుర్రలో గిర్రున తిరిగాయి గానీ ఒక్కదాన్నీ కోర్టులో అడిగే రూపంలోకి తేలేకపోయాను. బార్ రూములో టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. నాకు ఒళ్ళు మండింది.

ఊళ్ళో ఒక కాలేజీలో ఆదివారాలు నడిచే కోర్సు ఉందని తెలిసి అందులో చేరాను. కృత్రిమ మేధ వల్ల సమాజంలో, చట్టంలో, మంచిచెడ్డల విచారంలో వచ్చే చిక్కుల గురించి చదువు. నా చుట్టూ అందరూ ఇరవైల్లో ఉన్న ఇంజినీర్లు. మొదటి రోజు నన్ను ఆంటీ అన్నారు. చట్టం గురించి రెండు ప్రశ్నలు అడిగాక మేడమ్ అన్నారు. పాఠం చెప్పే ఆవిడ నాకంటే చిన్నది. ఎవరేం చెప్పినా "సరే, కానీ" అంటుంది. ఆ "కానీ" తర్వాత మనం చెప్పినదాంట్లో సగం కూలిపోతుంది. అలాంటి మనిషి కోర్టులో నాకు ఎదురుపడనందుకు సంతోషించాను.

ఆవిడ మాకొక పని అప్పజెప్పింది. ఎవరికి వాళ్ళు తమ చేతికి అందే యంత్రం ఒకటి ఎంచుకోవాలి. అది దేన్ని చూస్తుంది, దేన్ని చూడదు, దాని మాట మీద నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఆ నిర్ణయం ఎవరి మీద పడిందో వాళ్ళు వెళ్ళి ఎవరిని అడగాలి, ఇవన్నీ ఆరా తీసి రాయాలి. కుర్రకారు డ్రైవరు లేని కార్లనీ, యుద్ధంలో వాడే డ్రోన్లనీ పంచేసుకున్నారు. చేతికి అందేది అంటే ఇదేనా అని నవ్వుకున్నాను. తీరా చూస్తే నాకు అందేదీ కనబడలేదు.

అది మా బావే తెచ్చిపెట్టాడు.

మా అప్ప, అంటే మా అక్క, వాళ్ళది మల్కాపురం. రిఫైనరీ గోడకి దగ్గరలోనే ఇల్లు. ఆ వాసన వాళ్ళకి తెలియదు, నాకు మాత్రం వెళ్ళిన ప్రతిసారీ కొత్తే. బావ పెట్రోలు ట్యాంకర్ నడుపుతాడు. విజయనగరం పక్క పల్లెలో దుక్కి దున్నిన చేతులు స్టీరింగు పట్టి చాలా ఏళ్ళయింది. అప్ప పొద్దున్నే రోడ్డు పక్కన టిఫిన్ బండి పెడుతుంది. నేను వెళ్ళగానే "ఏటి లాయరమ్మా, ముసిల్దానివి అయిపోతన్నావ్, ఇంకా సదువేటి?" అని బావ మొదలుపెట్టాలి, నేను ఆయన పొట్ట మీద ఏదో ఒకటి అనాలి. అది మా ఆనవాయితీ. ఆ ఆదివారం ఆయన ఏమీ అనలేదు. రోజూ యార్డులో గొట్టాలు కడిగి వస్తున్నాడని అప్ప చెప్పింది. ట్యాంకర్ మీంచి దింపేశారట.

"బండిలో కెమెరా ఎట్టారు మరదలా," అన్నాడు బావ. "అది నా మొకమే సూత్తాది. కళ్ళు మూత్తే కుయ్యిమంటాది. ఆఫీసుకి కూడా సెప్పేత్తాది. నిద్దరపోతన్నానంట. మార్కులు తగ్గిపోనాయంట."

"నిద్రపోయావేటి మరి?"

"నాను పడుకోనేదు. దండం ఎట్టుకున్నాను. గోపాలపట్నం కాడ ఆర్చి వచ్చినపుడు అప్పన్నకి దండం ఎట్టుకోకుండా ఎవుడెల్తాడు?"

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అప్పన్న స్వామి ఉండే సింహాచలం కొండకి తిరిగే ఆ దారిలో బండి నడిపే వాళ్ళెవరైనా చెయ్యెత్తి, కళ్ళు మూసుకుని, వేళ్ళ కొసలు పెదాలకి తాకించుకోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అది యంత్రానికి నిద్రలా కనిపిస్తుందని ఎవరనుకుంటారు? ఆయన ఉద్యోగం ఊగుతోంది, నాకేమో ఉత్సాహం ఆగడం లేదు. అప్ప అది కనిపెట్టి నా వైపు గుడ్లురిమి చూసింది.

మర్నాడు కోర్టు అయ్యాక పనిగట్టుకుని ఆ దారిలో వెళ్ళే సిటీ బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నాను. ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటి గోపాలపట్నం వచ్చింది. ఆర్చి దగ్గర బస్సు నెమ్మదించగానే డ్రైవరు కుడిచెయ్యి లేచింది, తల కాస్త వంగింది, రెప్పలు వాలాయి. వెనక్కి తిరిగి చూశాను. సగం బస్సు అదే పనిలో ఉంది. కాలేజీ పిల్లలు చెవుల్లో పాటలు తియ్యకుండానే దండం పెట్టేశారు. నా చెయ్యి కూడా నన్నడక్కుండానే లేచింది, కళ్ళు మూతపడ్డాయి. నేను అంత భక్తురాలిని కాను. ఆ క్షణంలో కెమెరా నా ఎదురుగా ఉంటే నన్నూ యార్డుకి పంపేదే.

నా క్లాసులో కంచరపాలెం నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉంది. ఇలా కళ్ళని కనిపెట్టే ప్రోగ్రామ్ తనూ రాయగలనంది. తర్వాతి ఆదివారం క్లాసయ్యాక ల్యాప్‌టాప్ పట్టుకుని నాతో మల్కాపురం వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద దాన్ని పెట్టి, క్లాసులో చెప్పినట్టు ముందు అందరి అనుమతీ అడిగింది. మీ మొహం చూడొచ్చా, చూశాక చెరిపేస్తాం, మీకు సమ్మతమేనా అని. బావ ఆ పిల్లని ఎగాదిగా చూశాడు.

"బండిలో ఎట్టినోడు నన్నడగనేదు తల్లీ. నువ్వు అడిగినావు. సూసుకో," అన్నాడు.

రెప్ప కాసేపు మూసి ఉంటే నిద్ర, తెరిచి ఉంటే మెలకువ. దానికి తెలిసింది అంతే. బావ దండం పెట్టాడు, నిద్ర అంది. పగలబడి నవ్వాడు, కళ్ళు చికిలించుకుపోయాయి, దానికీ నిద్రే అంది. అప్ప కవళ్ళ చేపలు వేపుతుంటే కారప్పొగ కమ్మి మేమంతా కళ్ళు మూసుకున్నాం. వరసపెట్టి అందరం నిద్రపోయినట్టు తేల్చింది. అన్నాలయ్యాక అప్ప గోడకి చేరబడి కునుకు తీసింది. ఆవిడకి చిన్నప్పటి నుంచీ కళ్ళు సగం తెరిచి పడుకునే అలవాటు. ఆ అమ్మాయి చప్పుడు చెయ్యకుండా ల్యాప్‌టాప్ అటు తిప్పింది. గురక వినబడుతోంది, యంత్రం మాత్రం మెలకువ, మెలకువ అని చూపిస్తోంది. బావ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ట్యాంకర్ మీంచి దింపాక ఆయన నవ్వడం అదే మొదలని అప్ప లేచాక చెప్పింది. ఆవిడని అనుమతి అడిగింది మెలకువలోనే గానీ కునుకులో కాదని ఆ అమ్మాయి ఆ ముక్క అక్కడే చెరిపేసింది. నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది.

ఇక చట్టం. తన గురించి పోగైన సమాచారాన్ని తను అడిగి తెలుసుకునే హక్కు మనిషికి ఉందని ఈమధ్య వచ్చిన చట్టం చెబుతోంది. అది పూర్తిగా అమల్లోకి రావడానికి ఇంకా సమయం ఉంది. పైగా ఉద్యోగ అవసరాల పేరు చెప్పి అడక్కుండానే వాడుకునే సందు కూడా అందులోనే ఉంది. కాబట్టి నేను చట్టాన్ని బల్ల మీద కొట్టకుండా, చేతిలో పట్టుకుని ఊరికే కనబడేలా ఉంచుకుని బావతో కలిసి వెళ్ళాను. ట్యాంకర్లు నడిపించే కాంట్రాక్టరు ఆఫీసు గాజువాకలో ఉంది. అక్కడి మేనేజరు యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"మేం చేసిందేం లేదు మేడమ్. సిస్టమ్ తీసేసింది," అన్నాడు.

"సిస్టమ్ అంటే ఎవరండీ?"

"సిస్టమే మేడమ్. స్కోర్ తగ్గితే పేరు ఎర్రగా వస్తుంది. ఎర్రగా వచ్చాక ట్యాంకర్ ఇస్తే రేపేమైనా అయితే నా పీక మీదికొస్తుంది."

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఆ వీడియోలు మీరెప్పుడైనా చూశారా అని అడిగాను. చూడాలని ఎవరూ చెప్పలేదన్నాడు. ఇప్పుడు చూద్దామా అంటే, ఆయనకీ ఆ సంగతేమిటో తెలుసుకోవాలనిపించినట్టుంది, కంప్యూటరు మా వైపు తిప్పాడు.

మొదటిదాంట్లో బావ మొహం ఒక్కటే ఉంది. గడ్డం నుంచి నుదుటి దాకా. ఆర్చి లేదు, కొండ లేదు, రోడ్డు లేదు, లేచిన చెయ్యి కూడా లేదు. రెప్పలు వాలాయి, కింద అంచులో రెండు వేళ్ళ కొసలు మెరిసి మాయమయ్యాయి. ఆ వేళ్ళు చూపించి నేను విషయం చెప్పాను. మేనేజరు దాన్ని మళ్ళీ తిప్పి చూసి, తన నుదురు తనే కొట్టుకున్నాడు. ఆయనా అదే దారిలో రోజూ స్కూటరు మీద దండం పెట్టుకుంటూ వస్తాడట. రెండోది దండం. ఆ తర్వాతదీ దండమే. ఆయన ఉత్సాహంగా ఒక్కొక్కదాని మీదా నొక్కుతూ "దండం, దండం, ఇదీ దండమే" అంటూ రద్దు చేసుకుంటూ పోతున్నాడు. నాకు కేసు గెలిచినప్పటి కులాసా వచ్చేసింది. నా రిపోర్టు మొత్తం కళ్ళ ముందు కట్టింది.

చివరిది అలా లేదు. వెలుతురు ఎదురుగా పడుతున్న మధ్యాహ్నం. రెప్పలు ఒక్కసారి వాలలేదు, నెమ్మదిగా దిగాయి. వేళ్ళ కొసలు రాలేదు. పెదాలు కాస్త విడివడ్డాయి. అలాగే ఉంది, అలాగే ఉంది. ఉన్నట్టుండి బావ మొహం ఉలిక్కిపడి కళ్ళు పెద్దవై అటూఇటూ చూసింది. కెమెరా కూత విని లేచిన మొహం అది.

"ఇదీ దండమే," అన్నాడు మేనేజరు, నొక్కబోతూ.

నేను నోరు మెదపలేదు. బావ తరఫున వచ్చినదాన్ని, నాకు నోరు మూసుకునే హక్కుంది. కానీ నా ఆఫీసులో నా ఎదుట కుర్చీల్లో కూర్చునే ఆడవాళ్ళు ఒక్కసారిగా గుర్తొచ్చారు. ఎదురుగా వచ్చిన బండి తమ వాళ్ళ మీదికి ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియని వాళ్ళు. ఇంతకు ముందు యంత్రం అన్నిటినీ నిద్ర అంది, ఇప్పుడు మనిషి అన్నిటినీ దండం అంటున్నాడు. ఏం చేయాలో నేను తేల్చుకునే లోపే బావ ముందుకు వంగాడు.

"ఆగండి సార్. అది దండం కాదు."

మేనేజరు ఆయన వైపు తిరిగాడు.

"అనకాపల్లి దాటినాక సార్. పడుకుండిపోనాను. అది కుయ్యిమనకపోతే నానేటి అయిపోదునో, బండి ఏటి అయిపోయేదో."

మేనేజరు చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. నాకు బావ మీద జాలి, భయం, గర్వం కలిసి వచ్చాయి. ఏది ముందు వచ్చిందో చెప్పలేను. వకీలు బుద్ధి పోనిచ్చుకోక, ముందురోజు ఎప్పుడు పడుకున్నావని ఆయన్నే అడిగాను. రాత్రి సరుకు దింపి వచ్చేసరికి తెల్లారిందనీ, ఇంటికెళ్ళి స్నానం చేసి వచ్చేసరికి ఇంకో ట్రిప్పు వేశారనీ చెప్పాడు. రానంటే బండి ఇంకొకరికి ఇస్తారని భయపడ్డాడు.

"ఆ ట్రిప్పు వేసినవాళ్ళ వైపు కూడా ఒక కెమెరా ఉందాండీ?" అన్నాను మేనేజరుతో. వెటకారంగా అందామనుకున్నాను, గొంతు అలా రాలేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనే వేశాను మేడమ్," అన్నాడు.

దండాలన్నీ కొట్టేశారు. నిద్రని ఉంచారు, ఉంచమని బావే చెప్పాడు. కొన్నాళ్ళు యార్డులో ఉండి మళ్ళీ ట్యాంకర్ ఎక్కేటట్టు, రాత్రి దింపి వచ్చిన డ్రైవరుకి పొద్దున ట్రిప్పు వెయ్యనట్టు మాట అయింది. మాట మీద నాకు నమ్మకం తక్కువ, రాయించి సంతకం పెట్టించాను. బయటికొచ్చాక బావ నా స్కూటీ పక్కన నిలబడ్డాడు. "మీ అప్పకి సెప్పకు," అన్నాడు. "అది టిఫిన్ బండి కాడ రోడ్డు మీదే నిల్చుంటాది. పోయే లారీలన్నీ దాని పక్కనించే ఎల్తాయి. ఇది తెలిత్తే ఇంక దానికి నిద్దర ఉండదు."

చెప్పనన్నాను. చెప్పకపోవడం తప్పనీ అన్నాను. ఆయన తల ఊపాడు, ఏ మాటకి ఊపాడో తెలియలేదు.

రిపోర్టు రాయడానికి కూర్చుంటే దండాల గురించి కలం పరిగెత్తింది. వేళ్ళ కొసలు, ఆర్చి, నవ్వు, కారప్పొగ, అప్ప అరకన్ను కునుకు, అన్నీ వచ్చేశాయి. మా పాఠాలావిడ చదివి మెచ్చుకుంది. "సరే, కానీ," అంది, "యంత్రం చెప్పింది నిజమైన చోట మీరు రెండు వాక్యాలే రాశారు. మీకు ఆసక్తి పోయిందా?" పోలేదు. అసలు ఆసక్తంతా అక్కడే ఉంది. తప్పు చేసే యంత్రంతో పోట్లాడటం నాకు తేలిక. అన్నిసార్లు తప్పు చెప్పి, ఒక్కసారి మా బావ ప్రాణం నిలబెట్టిన దాన్ని ఏమనాలి? దాన్ని బోనెక్కించాలా, దానికి సాక్షిగా నేనే బోనెక్కాలా? ఇంట్లో చెప్పుకోని సంగతిని పరీక్ష కాగితం మీద ఎలా పెట్టడం? గడువు అడిగి తెచ్చుకున్నాను.

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు యార్డులో ట్యాంకర్లన్నిటినీ కడిగి, అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేశారు. డ్రైవర్ల ఇళ్ళ వాళ్ళని కూడా పిలిచారు. పూర్ణా మార్కెట్‌లో తెచ్చిన పూలబుట్ట మోసుకుని నేను అప్ప వెనకాలే వెళ్ళాను. బావకి బండి తిరిగి అప్పజెప్పేది ఆ రోజే. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాక, అప్ప పసుపు కుంకుమ గిన్నె పట్టుకుని చీర కుచ్చెళ్ళు దోపుకుని క్యాబిన్ ఎక్కింది. స్టీరింగుకి బొట్టు పెట్టింది, గేరు రాడ్డుకి పెట్టింది. తర్వాత ముందుకి వంగి అక్కడే కాసేపు ఉండిపోయింది. దిగి వచ్చాక నా వైపు చూడలేదు.

బావ ఎక్కి తాళం తిప్పాడు. క్యాబిన్‌లో కుయ్యిమని మొదలైంది, ఆగలేదు. మేనేజరు చేతిలో ఫోను పట్టుకుని వచ్చేశాడు.

"మేడమ్, మీ బావగారి బండిలో కెమెరా ఎవరో మూసేశారంటోంది."

ఎక్కి చూశాను. సరిగ్గా కెమెరా కన్ను మీద గుండ్రంగా, మందంగా తడి పసుపు, దాని మధ్య కుంకుమ, పైన ఒక బంతిపువ్వు. బావ వైపు తిరిగాను. ఆయన స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అప్పకి చెప్పేశాడన్నమాట.

"నా మొగుణ్ణి లేపింది అది," అంది అప్ప కింద నుంచి. "దానికి ఎట్టకపోతే మరెవుళ్ళకి ఎట్టమంటావే?"

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అప్ప మళ్ళీ ఎక్కి పమిట కొంగుతో ఆ అద్దాన్ని పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచి, బొట్టు ఒక వేలెడు పైకి పెట్టింది. కూత ఆగింది. మేనేజరు ఫోనులో మూసిన కారణం ఏదో నొక్కాలట. దుమ్ము, పగులు, కావాలని చేసిన పని, ఇతరం. ఏది నొక్కమంటారని నన్నడిగాడు. ఇన్నాళ్ళ వకీలుని, ఆ నాలుగింటిలో నాకు ఏదీ నప్పలేదు. ఆయనే ఇతరం నొక్కుకున్నాడు.

అప్ప ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"సార్, అది ఈయన కళ్ళు సూత్తాది గదా. ముందురోజు ఎంతసేపు పడుకున్నాడో సూత్తాదా?"

"చూడదమ్మా."

"అది నాను సూత్తాను. ట్రిప్పు ఏసే ముందు నాకు ఫోన్ సెయ్యండి. పడుకోనేదంటే పంపను."

మేనేజరు నా వైపు చూశాడు. నేనేమీ సాయం చేయలేదు. ఆయన నంబరు అడిగి ఫోనులో ఎక్కించుకుంటూ, ఏ పేరుతో పెట్టుకోవాలమ్మా అన్నాడు.

అప్ప చేతికంటిన కుంకుమ కొంగుకి తుడుచుకుంది.

"కెమెరా అని రాసుకోండి," అంది.